1.5 తెలిసిన ఊరికి 7 తెలియాలి

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా పడింది. నామినేషన్ వేసినవాళ్ళలో చాలామందికి గెలుపు మీద ఆశ లేదు. జల సాధన సమితి పిలుపు అందుకుని, తమ ఊళ్ళ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని దేశానికి వినిపించడానికే పేరు రాయించుకున్నారు.

ఆ నీళ్ళ గోసలో మర్రిగూడ మండలానిది ముందు వరుస. ఇక్కడి శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి ఫ్లోరోసిస్‌తో వంకరపోయిన తన ఒంటినే సాక్ష్యంగా నలుగురి ముందు పెట్టాడు. 2023 జనవరిలో ఆయన కన్నుమూసేనాటికి ఇంటి ముందు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. ఈ చుట్టుపక్కల బడి మొహం చూడని అవ్వకు కూడా ‘పీపీఎం’ అన్న మాట తెలుసు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, అంటే 1.5 పీపీఎం, దాటితే ఆ నీళ్ళు పనికిరావని తెలుసు. ఒక అంకెను పట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు సర్కారును నిలదీసిన నేల ఇది.

ఇప్పుడు ఇక్కడి ప్రతి ఇంటికీ తెలియాల్సిన ఇంకో అంకె ఉంది. అది 7. గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష చెబుతుంది. అది 6.5 శాతానికి చేరితే షుగర్ ఉన్నట్టే. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది దాన్ని 7 లోపు ఉంచుకోవాలి. 1.5 కోసం పేర్లు రాయించుకున్న గడ్డ మీదే, 7 దాటినవాళ్ళు పేరు బయటపడుతుందేమోనని జంకుతున్నారు. ఫ్లోరైడ్ ఊరందరి బాధ అయింది, షుగర్ ఒకరి గుట్టు అయింది. మందుల కొరతకన్నా, డాక్టర్ల కొరతకన్నా ఈ తేడాయే ఎక్కువ ప్రాణాలు తీస్తోందని నా నమ్మకం. లెక్కలు చూస్తే మీకూ అలాగే అనిపించవచ్చు.

వెయ్యి మంది పెద్దలు, 22 మంది

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా తిరిగి చేసిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. 20 ఏళ్ళు దాటిన లక్షా 13 వేల మందిని చూసి తేల్చిన లెక్క అది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. పట్టణాల్లో వందకు 16.4 మందికి ఉంటే పల్లెల్లో 8.9 మందికి ఉంది.

తెలంగాణ సంగతి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. రక్తంలో చక్కెర 140 మిల్లీగ్రాములు దాటినవాళ్ళు, ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ళు కలిపి 15 ఏళ్ళు పైబడిన ఆడవాళ్ళలో 14.7 శాతం, మగవాళ్ళలో 18.1 శాతం. ఎప్పుడు పడితే అప్పుడు వేలి కొన నుంచి ఒక్కసారి తీసిన చుక్కతో చేసిన పరీక్ష కాబట్టి వీళ్ళందరికీ జబ్బు ఉందని కాదు. మళ్ళీ పరీక్ష చేయించుకోవాల్సినవాళ్ళు ఇంతమంది అని అర్థం.

వెయ్యి మంది పెద్దవాళ్ళున్న ఒక పల్లెను ఊహించుకుందాం. దేశ పల్లెల సగటు ప్రకారం అక్కడ 89 మందికి షుగర్ ఉంటుంది. వాళ్ళలో ఎందరికి తెలుసు? నాలుగో కుటుంబ సర్వే వివరాలతో 2019లో వచ్చిన ఒక విశ్లేషణ 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళను చూసింది. షుగర్ ఉన్న వందమందిలో 52.5 మందికి ఆ సంగతి తెలుసు, 40.5 మంది చికిత్సలో ఉన్నారు, 24.8 మందికే అదుపులో ఉంది. ఈ వాటాలను మన పల్లె మీద పెట్టి చూస్తే 89 మందిలో తెలిసినవాళ్ళు 47, మందు వేసుకుంటున్నవాళ్ళు 36, అదుపులో ఉన్నవాళ్ళు 22. రెండు సర్వేల వయసులు వేరు కాబట్టి ఇది అంచనా మాత్రమే. కానీ మెట్లు ఏ తీరున దిగిపోతున్నాయో చూడండి. తెలియని 42 మంది సంగతి పరీక్ష చేస్తే తేలుతుంది. తెలిసి కూడా మందు మొదలుపెట్టని 11 మంది, మందు మింగుతూ కూడా అదుపు దొరకని 14 మంది సంగతి పరీక్షతో తేలదు. ఆ 25 మంది సంగతి ఇంట్లో, వాకిట్లో, పెండ్లి పందిట్లో, కూలి అడ్డా మీద తేలాలి.

అదుపు వల్ల ఏమొస్తుందో కూడా అంకెల్లోనే ఉంది. బ్రిటన్‌లో ఇరవై ఏళ్ళపాటు సాగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తక్కువగా ఉన్నవాళ్ళలో కళ్ళు, కిడ్నీల వంటి చోట్ల సన్న రక్తనాళాలకు తగిలే దెబ్బలు 37 శాతం, షుగర్ వల్ల వచ్చే చావులు 21 శాతం తక్కువగా కనిపించాయి. 9 ఉన్నది 8కి దిగినా లాభమే. 7 చేరలేదని చేతులెత్తేయాల్సిన పని లేదు.

‘తిని తెచ్చుకున్నడు’

ఫ్లోరైడ్ వచ్చినవాణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. తప్పు బోరుదని, నేలదని, నీళ్ళివ్వని సర్కారుదని అందరికీ తెలుసు. షుగర్ దగ్గరికి వచ్చేసరికి వేలు మనిషి వైపు తిరుగుతుంది. తిని తెచ్చుకున్నడంటారు, కూసొని తెచ్చుకున్నడంటారు. ఎండలో పత్తి ఏరే మనిషికి, బక్కగా ఎముకలు తేలిన మనిషికి కూడా షుగర్ వస్తోంది కదా అని ఎవరూ ఆగి అడగరు.

ఆ ప్రశ్నకు జవాబు మనకు దగ్గర్లోనే దొరికింది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది. మిగతా 14 పల్లెలకు అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక 1,165 మందిని మళ్ళీ పరీక్షించారు. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆ బువ్వ అందిన ఊళ్ళ పిల్లలు 1.4 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇన్సులిన్ మాటను ఒళ్ళు లెక్కచేయని గుణం వాళ్ళలో 20 శాతం తక్కువగా ఉంది. షుగర్‌కు మొదటి మెట్టు ఆ గుణమే. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు. అయినా అమ్మ కడుపులో ఉన్నప్పటి ఆకలి, తర్వాత ఎప్పుడో షుగర్ రూపంలో బాకీ వసూలు చేస్తుందనడానికి ఇది మన ఇంటి ముందరి ఆధారం. కరువు చూసిన నేల మీద తల్లులు పస్తులుండి కన్న బిడ్డను, యాభై ఏళ్ళకు ‘తిని తెచ్చుకున్నడు’ అనడం అన్యాయం.

మన ఒంటి తీరు కూడా లెక్కలోకి వస్తుంది. చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరే శరీరాలు మనవి. అందుకే భారతీయులకు నడుము కొలత గీతలను తక్కువగా పెట్టారు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. దర్జీ టేపు చాలు, డాక్టరే అక్కర్లేదు.

ఇక బువ్వ. ఎర్రచెలకల మీద ఒకప్పుడు జొన్న గటక, సజ్జ రొట్టె, తైదంబలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరన్నం పండగనాటి పదార్థం కాకుండా పోయింది. అది ఆకలి తీర్చిన పథకం, దాన్ని నిందించే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. చేలల్లోకి పత్తి, బత్తాయి వచ్చాయి, గాదెలో జొన్నలు తగ్గాయి. ఇప్పుడు తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అందులో పిండి పదార్థం 156 గ్రాములు. పప్పు, గుడ్డు, కూర కొనుక్కోవాలి. బియ్యం చేతికందుతుంది. కాబట్టి కంచంలో బియ్యం గుట్ట, పక్కన తొక్కు. ఇది తిండిపోతుతనం కాదు, చేతిలో ఉన్న డబ్బు గీసిన కంచం.

‘జొన్నరొట్టెకు మారితే షుగర్ పోతది’ అనేవాళ్ళూ ఉన్నారు. 100 గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములైతే జొన్నల్లో 68. తేడా ఉంది కానీ ఆకాశానికి భూమికి ఉన్నంత లేదు. అసలు తేడా పీచులో ఉంది. జొన్నల్లో 10 గ్రాములకు పైగా, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపు. పీచు ఉంటే చక్కెర నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. రెండు రొట్టెల చోట ఐదు తింటే ఆ మేలు పోతుంది. రాజేంద్రనగర్‌లో పుట్టిన ఆర్ఎన్ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, చక్కెరను పెంచే వేగంలో 51.5 అంకె తెచ్చుకుంది. 55 లోపైతే తక్కువ, 70 దాటితే ఎక్కువ అని లెక్క. మంచి రకమే. కానీ ‘షుగర్ బియ్యం’ అని పేరు పెట్టి రెండింతలు వడ్డించుకుంటే ఏ రకమైనా ఒకటే.

చాయ్ సంగతి చెప్పకుండా ఉండలేను. ఎవరింటికి పోయినా చాయ్ పోస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. కప్పుకు రెండు చెంచాల చక్కెర, సుమారు 10 గ్రాములు. అలా ఐదు ఇళ్ళు తిరిగితే 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు 25 గ్రాములకు మించకపోతే మేలంటోంది. ‘నాకు షుగర్ ఉంది, చక్కెర లేకుండా పోయండి’ అన్న ఒక్క మాటతో ఆ 50 గ్రాములూ పోతాయి. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. కారణం పైన చెప్పిన జంకే.

అత్తగారిల్లు, తల్లిగారిల్లు

షుగర్‌ను దాచిపెట్టే బరువు అందరికన్నా ఎక్కువ ఆడవాళ్ళ మీద పడుతుంది.

మొదటి కాన్పుకు ఆడబిడ్డ తల్లిగారింటికి పోవడం మన ఆనవాయితీ. కడుపుతో ఉన్నప్పుడు 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తారు. 140కి చేరితే గర్భిణి షుగర్. పరీక్ష అత్తగారి ఊళ్ళో జరుగుతుంది, కాన్పు తల్లిగారి ఊరి దగ్గర జరుగుతుంది, కాయితాలు రెండిళ్ళ మధ్య ఎక్కడో పోతాయి. కాన్పు కాగానే చక్కెర మామూలుకొస్తుంది, ‘తక్కువైంది’ అనుకుంటారు. ఆరు వారాలకు మళ్ళీ చూపించుకోవాలని ఎవరూ గుర్తు చేయరు. గర్భిణి షుగర్ వచ్చిన ఆడవాళ్ళకు తర్వాతి కాలంలో షుగర్ వచ్చే అవకాశం, రానివాళ్ళతో పోలిస్తే ఏడు రెట్లు. ఇంత ముందుగా, ఇంత గట్టిగా హెచ్చరించే సంకేతం ఈ జబ్బులో ఇంకొకటి లేదు. అది బాలింత చీర మూటలో పోతోంది.

పెండ్లి కాని పిల్లకు చిన్నతనంలో వచ్చే మొదటి రకం షుగర్ ఉంటే సంగతి ఇంకా కష్టం. ఈ రకంలో ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. తిండి మార్పుతోనో గోలీలతోనో నడవదు. సూది కొన్ని రోజులు ఆపినా ప్రాణం మీదికొస్తుంది. సంబంధం చెడుతుందని చెప్పకుండా పెండ్లి చేస్తే, కొత్త ఇంట్లో ఆ పిల్ల సూది ఎక్కడ దాచుకోవాలి? ఏ చాటున వేసుకోవాలి? దాచి చేసే పెండ్లి ఆ పిల్లను ప్రమాదంలోకి నెట్టడమేనని తల్లిదండ్రులకు చేతులు జోడించి చెప్పాల్సిందే.

నడివయసు ఇల్లాలి తీరు వేరు. ఆయనకు షుగర్ వస్తే ఆమె రొట్టె చేస్తుంది, గోలి చేతికిస్తుంది, సంచిలో నీళ్ళ సీసా పెడుతుంది. ఆమెకే వస్తే వంట అందరికీ మామూలుగానే సాగుతుంది, ఆమె చివర్న కూర్చుని మిగిలిన అన్నం, అడుగున ఉన్న పులుసు తింటుంది. చాలా ఇళ్ళలో ఆమె గోలీలు అయిపోయిన సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను వచ్చే అవ్వ కూడా అందులోంచి మనవడి చేతిలో పెట్టాకే తన మందు గురించి ఆలోచిస్తుంది.

ఆడవాళ్ళ పరీక్షలో ఒక చిక్కు కూడా ఉంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇనుము తక్కువైన రక్తంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. కాబట్టి రక్తం తక్కువున్న ఆడమనిషికి ఆ ఒక్క అంకెతోనే మందు పెంచకుండా, పరగడుపు పరీక్ష, తిన్న తర్వాతి పరీక్ష కూడా పక్కన పెట్టి చూడమని డాక్టరును అడగాలి.

నొప్పుల ఊరిలో నడక

షుగర్ వచ్చినవాళ్ళకు రోజూ అరగంట నడవమంటారు. పట్నం సలహా అది, పార్కున్నవాళ్ళకు, బూట్లున్నవాళ్ళకు సరిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరంలో చాలామందికి వెన్ను వంగదు, మోకాళ్ళు ముడుచుకోవు. ఇలాంటివాళ్ళకు కూర్చున్న చోటే చేతులెత్తి దించడం, కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడం, తిన్న తర్వాత వాకిట్లోనే పది నిమిషాలు తిరగడం చెప్పాలి. నడవలేనివాణ్ణి నడవమంటే అతను దవాఖానకే రావడం మానేస్తాడు.

ఇంతకన్నా పెద్ద భయం నొప్పుల మందులది. కీళ్ళ నొప్పికి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే పొద్దటికల్లా ఒళ్ళు తేలికైనట్టుంటుంది. అది స్టెరాయిడ్ అయితే రక్తంలో చక్కెర అమాంతం పైకి పోతుంది. రోజూ మింగే నొప్పి గోలీలు కిడ్నీలను తింటాయి. ఆ కిడ్నీలను షుగర్ అప్పటికే దెబ్బతీస్తుంటుంది. పాత నీళ్ళ బాధకు వేసుకున్న మందు కొత్త జబ్బుకు ఎరువవుతుంది. పైగా కాళ్ళ తిమ్మిర్లు, మొద్దుబారడం మొదలైతే ‘నీళ్ళ రోగమే’ అనుకుని ఊరుకుంటారు. ఫ్లోరోసిస్‌తో వెన్నుపాము నొక్కుకుపోయినా, షుగర్‌తో నరాలు దెబ్బతిన్నా తిమ్మిరి ఒకేలా మొదలుకావచ్చు. పరీక్ష చేస్తేనే తేలుతుంది. తెలిసిన జబ్బు తెలియని జబ్బును కప్పేయడం అనే ప్రమాదం మర్రిగూడ లాంటి చోటే ఎక్కువ.

మొద్దుబారిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. షుగర్ ఉన్నవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు బారిన పడతారని అంచనా. చేను గట్టు మీద చెప్పులు విప్పి దిగే అలవాటు, ఎండకు కాలిన గుడి మెట్లు, బోనమెత్తుకుని వట్టి కాళ్ళతో నడిచే దారి. మొక్కు మానమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని, అరికాలు ఎవరితోనైనా చూపించుకుంటే చాలు. మనవరాలి కళ్ళు బాగా పనికొస్తాయి.

ఒక్కపొద్దు, దావత్

మన వారంలో ఒక్కపొద్దులుంటాయి, నెలలో దావత్‌లుంటాయి. రెండింటి మధ్య గోలి నలిగిపోతుంది. ఒక్కపొద్దు రోజు ఏమీ తినకుండా గ్లిమెపిరైడ్ లాంటి గోలి వేసుకుంటే చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు తాగించి పావుగంటకు మళ్ళీ చూడాలి. దీనికి భయపడి ఇంకొందరు ఆ రోజు అన్ని మందులూ మానేస్తారు. రెండూ పొరపాట్లే. ఉపవాసం రోజు ఏ గోలి ఎప్పుడు వేసుకోవాలో ముందే అడగాలి. రంజాన్ ఉపవాసాలుండే ముస్లింలలో ఈ అలవాటు కొంత ఉంది, నెల ముందే డాక్టరును కలుస్తారు. మిగతావాళ్ళూ నేర్చుకోదగ్గదే.

తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 43.3 శాతం, ఆడవాళ్ళలో 6.7 శాతం మద్యం తాగుతున్నట్టు ఐదో కుటుంబ సర్వే చెప్పింది. దేశంలో మగవాళ్ళ వరుసలో దాదాపు పై మెట్టు ఇది. తాగే రోజు గోలి మానేస్తారు, మందూ మందూ కలిస్తే విషమవుతుందని. ఖాళీ కడుపున తాగితే చక్కెర పడిపోతుంది, తాగి నిండుగా తింటే ఎగిరిపోతుంది. రెండు దిక్కులా లాగే తాడు అది.

కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, తిప్పతీగ ఆకు గురించి అడిగితే కసురుకునే డాక్టర్లంటే నాకు బాధ. షుగర్‌కు మొదటగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ గోలి మూలం కూడా ఒక మొక్కే. ఐరోపా పల్లెల్లో నాటువైద్యంలో వాడిన గలేగా అనే మొక్కలోని గుణాన్ని పట్టుకుని వెళ్తే చివరికి ఈ మందు తేలింది. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దీన్ని షుగర్‌కు వాడి ఫలితం ప్రకటించాడు. మొక్కకు, గోలికి తేడా కొలతలో ఉంది. గోలిలో 500 మిల్లీగ్రాములని తెలుసు, పసరులో ఎంతుందో తెలియదు. కాబట్టి పసరు తాగాలనుకుంటే తాగండి, గోలి మాత్రం ఆపకండి. ఏం తాగుతున్నారో డాక్టరుకు దాచకండి.

‘సూది పడ్డదంటే ఇగ ఆఖరే’ అనే మాట కూడా ఉంది. ఇన్సులిన్‌ను ఏళ్ళ తరబడి వాయిదా వేసి, చూపు పోయాకనో కాలు కుళ్ళాకనో మొదలుపెడితే, ఆ చావును సూది ఖాతాలో రాస్తారు. ఆలస్యం చేసింది సూది కాదు. ఫ్రిజ్ లేదని జంకేవాళ్ళకు ఒక సంగతి. కెన్యాలోని శరణార్థి శిబిరం ఎండల్లో చేసిన పరిశీలన ఆధారంగా 2021లో ఒక అధ్యయనం వచ్చింది. 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలున్నా ఇన్సులిన్ పని చేసిందని తేలింది. నల్లగొండ ఎండలు 37ను దాటుతాయి కాబట్టి తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండ, అందులో గిన్నె, గిన్నెలో సీసా. మంచినీళ్ళను చల్లగా ఉంచడం ఎట్లాగో మన అవ్వలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక కూలి రోజు ఖరీదు

మెట్‌ఫార్మిన్ గోలి ఖరీదు రెండు రూపాయలకు అటూ ఇటూ. సర్కారు దవాఖానలో అదీ ఉచితం. అయినా ఎందుకు తెచ్చుకోరు? 2024–25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. పరగడుపున వెళ్ళి, వరుసలో నిలబడి, రెండోసారి రక్తమిచ్చి, మధ్యాహ్నం ఇల్లు చేరితే ఆ రోజు కూలి పోయినట్టే. మర్రిగూడ నుంచి నల్లగొండకో, మాల్ ఊరి మీదుగా పట్నానికో పోవాల్సి వస్తే బస్సు చార్జీలు అదనం. ఉచిత మందు ఖరీదు 300 రూపాయలు. దీన్ని ఎవరూ బిల్లులో రాయరు.

ఆశమ్మలు ఇంటింటికీ తిరిగి 30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్ చూసి పేర్లు రాస్తున్నారు. పొద్దున, పగలు, రాత్రి వేసుకోవాల్సిన గోలీలు విడివిడిగా పెట్టుకునేలా ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) కిట్లు కూడా తెలంగాణలో వచ్చాయి. చదువు రానివాళ్ళను దృష్టిలో పెట్టుకున్న మంచి ఆలోచన. కానీ ఆశమ్మ వచ్చే వేళకు మగవాళ్ళు చేనులోనో పట్నంలోనో ఉంటారు. జాబితాలో చేరేది ఇంట్లో ఉన్న అవ్వలు.

2022 నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నికలో ఓట్లు 93 శాతం దాకా పడ్డాయి. మర్రిగూడ ఆ నియోజకవర్గంలోదే. పట్నంలో పనిచేసుకునేవాళ్ళు కూడా ఊరికొచ్చి వరుసలో నిలబడ్డారు. ఇంటింటి పేరు తెలుసు, ఎవరు ఎక్కడున్నారో తెలుసు, ఎవరిని ఎప్పుడు ఎట్లా రప్పించాలో తెలుసు. ఆ పట్టుదలలో సగం ఒక్క ఆదివారం షుగర్ పరీక్షకు పెడితే, తెలియని ఆ 42 మంది పేర్లు ఒక్క పూటలో బయటపడతాయి. బతుకమ్మకు, దసరాకు ఊరంతా ఇంటికొస్తుంది. పరీక్షల శిబిరం పెట్టాల్సింది అప్పుడే, చెరువు గట్టు దగ్గరే. పొదుపు సంఘం కూర్చున్నప్పుడు అప్పుల పుస్తకంతోపాటు బీపీ, షుగర్ అంకెల పుస్తకం కూడా తెరవాలి. ఒక ఆడమనిషి గోలీలు అయిపోయాయని ఇంట్లో తెలియకపోయినా సంఘంలో తెలుస్తుంది.

గ్రామసభలో ‘మా బోరులో పీపీఎం ఎంత?’ అని అడిగినట్టే ‘మా ఊళ్ళో 30 దాటినవాళ్ళు ఎందరు, పరీక్ష ఎందరికైంది, అదుపులో ఎందరున్నారు?’ అని అడగండి. మనుషుల పేర్లు అక్కర్లేదు, మూడు అంకెలు చాలు. మీ సంగతి మీరే ముందు తెలుసుకోండి. పరగడుపున 126, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, హెచ్‌బీఏ1సీ 6.5. వీటిలో ఏదైనా చేరితే మళ్ళీ చూపించుకుని మందు మొదలుపెట్టాలి. 30 ఏళ్ళు దాటినవారికి సర్కారు దవాఖానలో షుగర్ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. రాత్రి పెందలాడే తిని, పొద్దున ఏమీ తినకుండా వెళ్ళండి. వచ్చిన అంకె ఇంట్లో అందరి ముందు పైకి చదవండి.